పెరట్లోని పాత చింతచెట్టుకు తొర్ర పడింది: సిమెంటుతో పూడ్చాలా, కొట్టించాలా?

గుణుపురం నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. పెరట్లో తాతగారి నాటి చింతచెట్టు, మాను మొదట్లో మోచెయ్యి దాకా దూరేంత తొర్ర. మేస్త్రీ ఇటుక ముక్కలు వేసి సిమెంటుతో మూసేద్దామంటున్నాడు. పక్కింటివాళ్ళు తుఫాన్ల రోజులు రాకముందే కొట్టించెయ్యమంటున్నారు. మీకు రెండూ ఇష్టం లేదు. నా మాట ముందే చెప్పేస్తాను: సిమెంటు వద్దే వద్దు. కొట్టించడం కూడా చెట్టును కొలిచి చూడకుండా వద్దు. తొర్ర లోపల మనం చెయ్యాల్సిన పని దాదాపు ఏమీ లేదు. చెయ్యాల్సిందంతా తొర్ర చుట్టూ మిగిలిన గట్టి చెక్క చూసుకోవడం, పైన కొమ్మల బరువు తగ్గించడం, కింద వేళ్ళను కాపాడడం.

మాది పర్లాకిమిడి. కాశీనగర్ వైపు కొంచెం భూమి ఉంది, దాని గట్టున పెద్ద చింతచెట్టు. మా నాన్నగారి చిన్నప్పటి నుంచే దానికి తొర్ర ఉందట. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140-150 కిలోమీటర్లు. మా గజపతి జిల్లా ఆ రోజు ఎలా అయిపోయిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా చెట్టుకు ఒక పెద్ద కొమ్మ విరిగింది కానీ మాను నిలబడింది. అదే గాలికి చెరువుగట్టు మీద మరో చింతచెట్టు విరిగి పడింది. దానికి అంతకు చాలా ఏళ్ళ ముందే ఎవరో శ్రద్ధగా సిమెంటు పూడ్పించారు.

దాని దగ్గరికి వెళ్ళి చూశాను. సిమెంటు ముద్ద ఎంత ఎత్తు వరకు ఉందో సరిగ్గా అక్కడే మాను విరిగింది. ముద్ద మాత్రం చెక్కుచెదరకుండా నిలబడే ఉంది. దానికీ చెక్కకీ మధ్య వేలు దూరేంత సందు. ఆ సందులో చెక్క నల్లగా, తడిగా ఉంది. గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. బయట బెరడు చూస్తే మాత్రం నిండుగా, ఆరోగ్యంగా ఉంది. అందుకే అన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు.

కారణం పెద్ద చిక్కుముడేమీ కాదు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. ఊగినప్పుడల్లా లోపలి చెక్క సిమెంటుకు రాసుకుని సందు పడుతుంది. ఆ సందులోకి దిగిన వాన నీరు ఆరదు. గాలి తగిలే తొర్ర కనీసం వేసవిలో ఎండుతుంది, పూడ్చిన తొర్ర ఎప్పుడూ తడిగానే ఉంటుంది, బూజుకు కావలసింది అదే. వందేళ్ళ క్రితం అమెరికాలో, యూరప్‌లో చెట్ల డాక్టర్లు కూడా ఇలాగే పూడ్చేవారు. ఇప్పుడు ఆ పని మానేశారు. మీ మేస్త్రీని తప్పుపట్టను, ఆయన గోడకు చేసే వైద్యం చెట్టుకు చెయ్యబోతున్నారు, అంతే.

అసలు నష్టం సిమెంటు పొయ్యకముందే మొదలవుతుంది. పూడ్చే ముందు లోపల పుచ్చిందంతా ఉలితో చెక్కి, తాజా చెక్క కనబడేదాకా శుభ్రం చేస్తారు. అది ఎందుకు కూడదో తెలియాలంటే అలెక్స్ షైగో సంగతి చెప్పాలి. ఆయన అమెరికా అటవీ శాఖలో శాస్త్రవేత్త. వేల చెట్లను మోటారు రంపంతో నిలువునా చీల్చి, లోపల పుచ్చు ఎటు నడిచిందో, ఎక్కడ ఆగిందో చూసినవాడు. 1977లో ప్రచురించిన వివరణలో ఆయన చెప్పింది ఇది: మన ఒంటి మీద గాయంలా చెట్టు గాయం మానదు. చెట్టు దెబ్బతిన్న చెక్కను బాగు చేసుకోలేదు, దాని చుట్టూ గోడలు కట్టి వేరు చేస్తుంది. పైకీ కిందికీ పాకకుండా కట్టేది ఒకటి, అది అన్నిటికంటే బలహీనం. అందుకే తొర్ర నిలువుగా పొడుగ్గా సాగుతుంది. లోపలికి పోకుండా ఒకటి, పక్కలకు పోకుండా ఒకటి. నాలుగోది గాయం తగిలాక పుట్టిన కొత్త చెక్కకూ పాత చెక్కకూ మధ్య కట్టేది, అన్నిటిలోకీ గట్టిది. ఉలితో శుభ్రం చేసేవాడు ఆ గోడనే పగలగొడతాడు. దాంతో లోపల ఆగి ఉన్న బూజుకు బయటి మంచి చెక్కలోకి దారి దొరుకుతుంది. తొర్రలో నిలిచిన నీరు పోవాలని కింద బెజ్జం పెట్టడమూ అంతే, అదీ వద్దు. దోమల భయం ఉంటే తొర్ర మూతికి సన్న జల్లెడ కట్టండి. చేత్తో తీస్తే రాలిపోయే పొడి, ఆకులు తీసెయ్యండి, ఉలి మాత్రం తియ్యకండి.

తారు, పెయింటు, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే పుచ్చు ఆగుతుందా అని కూడా అడిగారు. ఆగదు. మామిడి, బత్తాయి తోటల్లో కొన్ని తెగుళ్ళకు బోర్డో పేస్టు పూస్తారు, అది వేరే అవసరం. పాత తొర్రలో పుచ్చు చెక్క లోపల ఉంటుంది, పైపూత అక్కడికి చేరదు.

మరి లోపల ఖాళీగా ఉన్న చెట్టు నిలబడగలదా? చెట్టు మధ్యలో ఉండే చేవ చచ్చిన చెక్క. వేళ్ళ నుంచి నీళ్ళు మోసేది బయటి చెక్క, ఆకుల్లో తయారైన ఆహారం దిగేది బెరడు లోపలి పొరలోంచి. కాబట్టి చేవ పోయినా చెట్టు ప్రాణానికి లోటు లేదు. ఇక బలం సంగతి. వెదురు లోపల బోలుగా ఉన్నా అంత బరువు మోస్తుంది చూడండి, వంగేటప్పుడు భారమంతా పడేది బయటి అంచు మీదే. మాను అడ్డంగా ఉన్న వెడల్పులో సగం మేర బోలైతే వంగుడు తట్టుకునే బలం 6 శాతం మాత్రమే తగ్గుతుంది. 70 శాతం బోలైతే 24 శాతం తగ్గుతుంది. 80 శాతానికి 41 శాతం, 90 శాతానికి మూడింట రెండు వంతులు పోతుంది. అంటే చాలా దూరం వరకు ఏమీ కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా దిగజారుతుంది. జర్మనీకి చెందిన క్లాస్ మాటెక్ విరిగిన చెట్లనూ నిలిచిన చెట్లనూ కొలిచి, మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో 30 శాతం కంటే తగ్గితే జాగ్రత్త పడమన్నది ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. ఇది చుట్టూ మూసుకుని ఉన్న మానుకు చెప్పిన మాట. తొర్ర మూతి చుట్టుకొలతలో మూడో వంతు దాకా తెరుచుకుని ఉంటే బలం ఇంకా బాగా తక్కువ అనుకోవాలి.

ఇది మీరే కొలుచుకోవచ్చు. ఛాతీ ఎత్తులో టేపు చుట్టి, వచ్చిన కొలతను 3.14తో భాగించండి. 314 సెంటీమీటర్లు వస్తే మాను వెడల్పు 100, వ్యాసార్ధం 50. తొర్రలోకి కర్ర పెట్టి లోపలి వెడల్పు చూడండి. స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయే చెక్కను గట్టి చెక్కగా లెక్కపెట్టకండి, దాన్ని కూడా బోలు కిందే వెయ్యండి. లోపల 60 ఉంటే చుట్టూ 20 మిగిలినట్టు, 50లో 20 అంటే 40 శాతం. పరవాలేదు.

అయితే తొర్ర సరిగ్గా మధ్యలోనే ఉండాలని లేదు. మా చెట్టుకు భువనేశ్వర్ నుంచి చెట్ల వైద్యం తెలిసిన ఒకాయన వచ్చారు, మా బావమరిదికి తెలిసినవారు. ఆయన ముందు తీసింది మిషను కాదు, కొయ్య సుత్తి. మాను చుట్టూ తిరుగుతూ కింద నుంచి పైకి అడుగడుగునా కొట్టారు. కొన్ని చోట్ల చప్పుడు పొట్టిగా, గట్టిగా వచ్చింది. తూర్పు వైపు మాత్రం లోపలికి గుబగుబమని పోయింది. ఆ చప్పుడు మారిన చోటల్లా సుద్దతో గీత పెట్టుకుంటూ పోయారు. చివరికి చూస్తే గీత లోపలి భాగం బయటికి కనబడే తొర్ర మూతికి రెండింతలు ఉంది. తర్వాత అనుమానం ఉన్న చోట మాత్రం సన్నటి సూదిలాంటి డ్రిల్లు దింపి, చెక్క ఎంత ఎదురు తిరుగుతోందో గ్రాఫు తీశారు. ఆ డ్రిల్లు కూడా చెట్టు కట్టుకున్న గోడను పొడిచేదే, అందుకే అవసరం లేని చోట పెట్టనన్నారు. చప్పుడు అలల వేగంతో లోపలి బొమ్మ గీసే యంత్రాలూ ఉన్నాయి కానీ మన వైపు దొరకడం కష్టం. సుత్తి, సుద్ద, టేపుతో చాలా తెలుస్తుంది.

ఆ తర్వాత పని కొమ్మల దగ్గర. గాలి పట్టేది ఆకు. తొర్ర ఉన్న మాను మీద భారం తగ్గాలంటే బాగా చాచుకున్న పొడుగు కొమ్మలను కొసల వైపు నుంచి తగ్గించాలి, పక్కకు తిరిగే చిన్న కొమ్మ దగ్గర ఆపాలి. తల నరికేసి మోడు చెయ్యడం మాత్రం ఎంత చెప్పినా తక్కువే, అంత హాని. ఆ కోతలన్నిటి నుంచీ కొత్త పుచ్చు దిగుతుంది. అక్కడ గుబురుగా లేచే రెమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, నాలుగైదేళ్ళలో బరువెక్కి అవే ముందు విరుగుతాయి. ముసలి చెట్టు నుంచి ఒకేసారి పావు వంతు ఆకు తీసినా ఎక్కువే. కొంచెం కొంచెంగా రెండు మూడేళ్ళలో తీయించండి.

కోసేటప్పుడు మొదట కింది నుంచి కొంచెం గాటు, దానికి కాస్త అవతల పైనుంచి కోత, అప్పుడు కొమ్మ బెరడు చీల్చుకోకుండా పడుతుంది. చివర మిగిలిన మోడును కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగానికి బయటే కొయ్యాలి. ఆ ఉబ్బును తీసేస్తే చెట్టు గోడ కట్టుకునే చోటే పోయినట్టు. మానుకు సమంగా నున్నగా కోస్తే అందంగా ఉంటుందనుకునేవారికి అలా కొయ్యొద్దని గట్టిగా చెప్పండి. మోడు మరీ పొడుగ్గా వదలడమూ మంచిది కాదు.

దీనికి మంచి రోజులు చింతపండు దులిపేశాక, వానలు పడకముందు. మా దగ్గర పండు దులపడానికి కొండ మీద నుంచి వచ్చే సవర కుర్రాళ్ళే ఎక్కారు. వాళ్ళను ఒక మాట అడగండి: ఏ కొమ్మ మీద కాలు పెట్టరు? మా చెట్టుకు వాళ్ళు ఎక్కబోమన్న కొమ్మ, సుత్తి చప్పుడుతో భువనేశ్వర్ ఆయన గీత పెట్టినది ఒకటే అయ్యింది. ఏళ్ళ తరబడి చెట్లెక్కినవారి మాటకు విలువ ఇవ్వండి. నడుముకు తాడు కట్టకుండా మాత్రం ఎవరినీ ఎక్కించకండి.

కింద సంగతి. చింతచెట్టు చుట్టూ చప్టా వేసి ఉంటే, మానుకు కనీసం ఒక మీటరు దూరం దాకా పగలగొట్టించండి. వేళ్ళు చాలా వరకు పై అరమీటరు మట్టిలోనే ఉంటాయి, వాటికి గాలి, నీరు అందాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది కూడా ఇందుకే. ఎండుటాకు నాలుగంగుళాల మందాన పరవండి, మానుకు తగలకుండా. చెట్టు మొదట్లో చెత్త కాల్చడం ఆపించండి. తొర్రలోకి నిప్పు పాకితే లోపలే రోజుల తరబడి రగులుతుంది. తొర్రలో రావి, మర్రి మొలకలు కనబడితే చిన్నగా ఉండగానే పీకెయ్యండి.

పిల్లలమర్రికి పెట్టినట్టు సెలైన్ సీసాలు పెట్టమంటారా అని చివర్లో అడిగారు. మహబూబ్‌నగర్‌లో 2017 డిసెంబరులో ఆ మర్రి కొమ్మ విరిగాక, 2018లో క్లోరోపైరిఫాస్ మందును సెలైన్ సీసాలతో ఎక్కించిన మాట నిజమే. అది చెదలకు చేసిన వైద్యం, తొర్రకు కాదు. దానితోపాటు బరువైన కొమ్మల కింద ఆనడానికి దిమ్మలు కట్టారు, మోత తగ్గించింది అవి. పైగా మర్రికి ఊడలున్నాయి. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రి అసలు మాను పుచ్చి 1925లో తీసేస్తే, ఊడల మీదే ఇప్పటికీ నిలబడి ఉంది. చింతకు ఉన్నది ఒక్క మానే. ఆ మాను చుట్టూ ఉన్న గట్టి చెక్కే దాని ఆస్తి. మీ చెట్టుకు ఒక కొమ్మ ఇంటి మీదకు ఒరిగి ఉంటే కింద ఆనుడు కట్టించవచ్చు, పైన ఉక్కు తాడుతో మరో కొమ్మకు బిగించవచ్చు. తీగ మాత్రం కొమ్మ చుట్టూ చుట్టకండి, కొమ్మ లావయ్యే కొద్దీ అది బెరడును కోసేస్తుంది.

కొట్టించక తప్పని పరిస్థితులూ ఉంటాయి. మాను మొదట్లో, వేళ్ళ మీద పలకల్లా గట్టి పుట్టగొడుగులు లేస్తే వేళ్ళు కుళ్ళుతున్నాయని అనుమానించాలి, నాకు తొర్ర కంటే అదే ఎక్కువ భయం. చెట్టు ఒరిగిన దిక్కుకు అవతలి వైపు నేల పగిలినా, పైకి లేచినా ఆలస్యం చెయ్యకూడదు. మానులో కొత్త నిలువు చీలిక వచ్చినా, గట్టి చెక్క మందం వ్యాసార్ధంలో ఐదో వంతుకు పడిపోయినా, కింద మనుషులు నిద్రపోయే గది ఉన్నా కొట్టించే ఆలోచన చెయ్యాల్సిందే. అప్పుడు ఫారెస్టు రేంజి ఆఫీసులో ముందు అడిగి చేయించండి. కింద ఉన్నది పశువుల పాక మాత్రమే అయితే, పాకను పక్కకు జరపడం వందేళ్ళ చెట్టును కొట్టడం కంటే తేలిక. మా అన్నయ్య అదే చేశాడు. మా తొర్రలో ఇప్పుడు చిన్న గుడ్లగూబల జంట ఉంది, పొలంలో ఎలుకల బాధ తగ్గిందని ఆయనే చెబుతాడు.

మీ చెట్టు చుట్టుకొలత, తొర్ర లోపలి వెడల్పు, మూతి వెడల్పు రాయండి. మొదట్లో నాలుగు వైపులా నేల కనబడేలా ఫొటోలు పెట్టండి. ఆ చెట్టు పడితే ఎవరి మీద, దేని మీద పడుతుందో కూడా చెప్పండి. ఏ కొమ్మ తగ్గించాలో అది చూశాకే చెప్పగలను.