బొమ్మ గీయగానే అంకెలు వేసేయకండి

"సూత్రాలన్నీ వచ్చు, కానీ కార్లు, నీడలు, నిచ్చెనలు కదిలే రిలేటెడ్ రేట్స్ లెక్క (ఒకటి మారే వేగం తెలిస్తే దానికి ముడిపడ్డ ఇంకోటి ఎంత వేగంగా మారుతోందో కనుక్కునేది) కనబడితే టెన్షన్, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు" అన్నారు మీరు. మీకు కాలిక్యులస్ రాక కాదు, తొందర ఎక్కువై. ఈ లెక్కల్లో తప్పే ప్రతివాళ్ల జబ్బూ అదే.

మా అక్క కూతురికి ఒకసారి ఈ లెక్క ఇచ్చాను. ఒక కారు కూడలి నుంచి తూర్పుకి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. ఇంకోటి ఉత్తరం నుంచి 80 వేగంతో కూడలి వైపు వస్తోంది. మొదటిది కూడలికి 30, రెండోది 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, వాటి మధ్య దూరం ఎంత వేగంగా మారుతోంది? పిల్ల చకచకా త్రిభుజం గీసి, భుజాల మీద 30, 40 వేసి, కర్ణం 50 అని తేల్చి, దాన్ని డిఫరెన్షియేట్ చేసింది, అంటే అది మారే వేగం తీసింది. 50 అని రాసేశాక అది మారని అంకె అయిపోయింది. "సున్నా, మావయ్యా!"

"అయితే రెండు కార్లకీ ఒకేసారి పెట్రోలు అయిపోయిందా?" అన్నాను. మూతి ముడిచింది.

అంకెలు చెరిపించి ఎక్స్, వై, జడ్ అని రాయించాను. మారేదానికి అక్షరం, మారనిదానికే అంకె. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపితే జడ్ వర్గం. కాలంతో డిఫరెన్షియేట్ చేశాకే అంకెలు వేయాలి. ఈసారి 100 వచ్చింది, దగ్గరికొచ్చే కారుకీ ప్లస్ 80 వేసింది మరి! వై తగ్గుతోంది కదా, మైనస్ 80 వేయాలి. 30ని 60తో గుణిస్తే వచ్చే 1800లోంచి, 40ని 80తో గుణిస్తే వచ్చే 3200 తీసేసి 50తో భాగిస్తే మైనస్ 28. అంటే ఆ క్షణంలో గంటకు 28 కిలోమీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయి. గుర్తు మారితే కథే మారిపోతుంది.

నీడ లెక్కల్లో తప్పు చాలాసార్లు ప్రశ్న రాసినవాళ్లదే. "నీడ వేగం ఎంత?" అని వదిలేస్తారు. 6 మీటర్ల దీపస్తంభం నుంచి 1.5 మీటర్ల ఎత్తున్న మనిషి సెకనుకు 1.5 మీటర్ల వేగంతో దూరంగా నడిస్తే నీడ పొడవు సెకనుకు అర మీటరు పెరుగుతుంది, నీడ కొస మాత్రం 2 మీటర్లు జరుగుతుంది. ఏది రాయాలి?

నిచ్చెన లెక్క మీద నాకు ఇంకా కోపం. గోడకి ఆనించిన నిచ్చెన అడుగు భాగాన్ని ఒకే వేగంతో లాగుతుంటే, పై కొస నేలను సమీపించేకొద్దీ దాని వేగం అనంతం వైపు పోవాలంటుంది సమీకరణం. నిజం నిచ్చెనైతే అంతకుముందే గోడను వదిలేస్తుంది. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఆ ముక్క లేదు. క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదని కూర్చోబెట్టారు.