క్రూజ్, డిస్నీ వరల్డ్ రెండూ కలిపితే ఖర్చు ఎక్కడ తగ్గుతుందంటే

ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్ నుంచి 4 రాత్రుల క్రూజ్, దిగాక 3 రోజులు డిస్నీ వరల్డ్, నలుగురం, బడ్జెట్ దాటిపోతోంది అన్నారు కదండీ, నేనైతే ముందు కారు సంగతి చూస్తా. మేం మొదటిసారి వారం మొత్తానికి కారు రెంట్‌కి తీసుకుని క్రూజ్ రోజులన్నీ దాన్ని పోర్ట్‌లో పార్క్ చేసి, ముట్టుకోని కారుకి అద్దె ఒకటి పార్కింగ్ ఒకటి కట్టాం, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. డిస్నీ వరల్డ్ పక్కనున్న ఓర్లాండో నుంచి పోర్ట్ దాదాపు గంట ప్రయాణమే, వన్ వే రెంటల్ తీసుకుని పోర్ట్ దగ్గర ఇచ్చేయండి, దిగాక ఇంకోటి తీసుకోండి. పోర్ట్‌కి తిప్పే షటిల్ బస్సుల వాళ్లు తలకింత అని లెక్కేస్తారు కాబట్టి నలుగురికి కారే చవక పడొచ్చు, రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

షిప్ దిగిన రోజు పార్క్ టికెట్ మాత్రం వాడకండి. బ్యాగులు, ప్రయాణం, చెకిన్ అయ్యేసరికి సగం రోజు హుష్, టికెట్ ఫుల్ రేటే. పిల్లలకి ఆ రోజు హోటల్ పూల్ చాలు, నిజంగా. టికెట్ రేటు తేదీని బట్టి మారుతుంది, చిన్నోడికి 3 ఏళ్లు నిండకపోతే టికెట్టే అక్కర్లేదు.

పార్క్‌లోకి మన తిండి, నీళ్ల బాటిళ్లు తీసుకెళ్లొచ్చు, గాజువి తప్ప. పార్క్‌లో ఫుడ్ కౌంటర్‌లో అడిగితే ఐస్ వాటర్ ఫ్రీ. షిప్‌లో భోజనం ఎలాగూ ఛార్జీలోనే ఉంటుంది, కానీ టిప్స్ మనిషికి రోజుకింత అని విడిగా పడతాయి, అవి లెక్కలో వేశారా?

సెప్టెంబర్‌లో క్రూజ్‌లు చవగ్గా దొరుకుతాయి గానీ అది హరికేన్ సీజన్, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా బుక్ చేయొద్దు.