స్కూల్ ఉద్యోగమా, ఆన్‌లైన్ ట్యూషనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తి చేసింది. స్కూల్లో చేరమంటే వద్దని, ఇంట్లోనే కూర్చుని హైస్కూల్ పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతానంటోంది. అదీ ఒక ఉద్యోగమేనా? జీతం నిలకడగా వస్తుందా? రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి

జవాబు: 'అదీ ఒక ఉద్యోగమేనా' అని ఎందరో అడుగుతుంటారు. అమ్మాయి ఏం చేస్తోందని నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నదే మీ అసలు దిగులు. ట్యూషన్లు చెబుతోందనే చెప్పండి. లెక్కలు బాగా చెప్పేవాళ్లకు పిల్లలు దొరకకపోవడం నేనైతే చూడలేదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

నా అనుమానాలు వేరే. 2020లో స్కూళ్లు మూతపడ్డప్పుడు ఈ రంగం ఒక్కసారిగా పొంగింది, తెరిచాక చల్లారింది. 2021లో చైనా ప్రభుత్వం స్కూల్ సబ్జెక్టుల ట్యూషన్లతో లాభాలు చేసుకోకూడదని ఆంక్ష పెట్టేసరికి అక్కడి పెద్ద ట్యూషన్ కంపెనీలే కుదేలయ్యాయి. అందుకే ఒకే యాప్‌ను నమ్ముకోవద్దంటాను. అది పిల్లల్ని తెచ్చిపెడుతుంది, నిజమే. కమిషన్ కోసుకుంటుంది, రేటింగ్ తగ్గితే మొహం చాటేస్తుంది. డెమో క్లాసులకు చాలాచోట్ల పైసా ఇవ్వరు. ముందు డబ్బు కట్టించుకుని 'ట్యూటర్ సర్టిఫికెట్' ఇస్తామనేవాళ్ల జోలికి అసలే పోవద్దు. పైగా పిల్లలు బడి నుంచి వచ్చాకే పని మొదలు. పరీక్షల ముందు ఊపిరాడదు, సెలవుల్లో ఈగలు తోలుకోవాలి.

పాఠం చెప్పడమూ వేరే విద్యే. తరగతిలో టీచర్ బెంచీల మధ్య తిరుగుతూ నోట్‌బుక్‌లోకి తొంగి చూస్తుంది. ఆన్‌లైన్‌లో మొహం కనిపిస్తుంది, నోట్‌బుక్ కనిపించదు. 'అర్థమైందా?' అంటే 'అయింది మేడమ్' అంటాడు పిల్లాడు. బ్రాకెట్ ముందున్న మైనస్‌ను లోపలి మొదటి పదానికే ఇచ్చి, రెండోదాని గుర్తు మార్చకుండా వదిలేసి ఉంటాడు! అది పట్టుకోవాలంటే ఫోన్ కెమెరాను పుస్తకం మీదికి తిప్పించాలి, లేదా స్క్రీన్ మీది బోర్డుపై వాడిచేతే రాయించాలి. ఇందుకు స్టూడియో సరంజామా అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ పెట్టిన సల్మాన్ ఖాన్ (హీరో కాదు లెండి) 2004లో దూరాన ఉన్న బంధువులమ్మాయికి లెక్కలు చెప్పింది ఫోన్‌తో, తెర మీద గీసి చూపే యాహూ డూడుల్‌తోనే.

ఇక మీ సంగతి. జీతం గురించి అడిగారు. అమ్మాయి పాఠం చెబుతుంటే ఒక్కసారైనా విన్నారా? 'ఇంట్లోనే కూర్చుని' అన్న మాట కూడా మానుకోండి. ఇంట్లోనే ఉంది కదా అని క్లాసు మధ్యలో తలుపు తీసి 'ఓసారి ఇలా రా' అనేది తల్లిదండ్రులే. స్కూల్లో ఉంటే అలా పిలుస్తారా?

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నా. స్కూల్లో నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పిల్లలు ఎక్కడ తడబడతారో కళ్లారా తెలుస్తుంది. నా ఓటు ముందు రెండేళ్లు స్కూలుకే. ఆ స్కూల్ నిబంధనలు ఒప్పుకుంటే సాయంత్రాలు ఇద్దరు ముగ్గురికి ఆన్‌లైన్‌లో చెప్పి చూడమనండి. తర్వాతి పరీక్షల దాకా ఆ పిల్లలు నిలిచారా, వాళ్ల ఇళ్లవాళ్లు అడగకుండానే ఇంకొకరిని పంపారా అన్నది చూసి అప్పుడు తేల్చుకోవచ్చు. ఈలోగా పిల్లలతో విడిగా చాటింగ్ వద్దు, మాటలన్నీ పెద్దవాళ్లున్న గ్రూపులోనే జరగాలి. రద్దయిన క్లాసుకు ఫీజు ఉందో లేదో మాత్రం మొదటి క్లాసుకు ముందే రాసి పంపమనండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.