కొత్త ఇంజనును చల్లగా అరగదీయకు

బొబ్బిలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ బొమ్మ విమానానికి కొత్త ఇంజను వచ్చిందనీ, ప్రొపెల్లరును చేత్తో తిప్పితే ఒకచోట పట్టేస్తోందనీ, పాడైనది అంటగట్టారేమోననీ రాశావు. పాడైనది కాదు, అది అలాగే ఉండాలి. నీది ఏబీసీ రకం: అల్యూమినియం పిస్టను, క్రోమియం పూత పూసిన ఇత్తడి స్లీవు. స్లీవు అంటే పిస్టను కదిలే గొట్టం, అది పైకి వెళ్లేకొద్దీ లోపల ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టను అక్కడ బిగుసుకుంటుంది. ఇంజను వేడెక్కితే స్లీవు విచ్చుకుని దారి ఇస్తుంది.

ఈ సంగతి తెలియక ఒక ఇంజనును చేతులారా చంపాను. అంతకుముందు నేను వాడినవన్నీ రింగు ఇంజన్లు, అంటే పిస్టను చుట్టూ రింగు ఉండేవి. వాటికి ఇంధనం దండిగా వదిలి, గుడగుడలాడిస్తూ, చల్లచల్లగా అరగంట తిప్పేవాళ్లం. కొత్తదానికీ అదే వైద్యం చేశాను. స్లీవు విచ్చుకునేంత వేడి రానేలేదు. పిస్టను ఆ ఇరుకులోనే రాసుకుని రాసుకుని అరిగింది. బిగువుతో పాటు కంప్రెషనూ పోయింది. ఏడాది పాటు తయారుచేసినవాణ్ని తిట్టుకున్నాను కూడా.

రుషికొండ బీచ్‌లో తిప్పుతానన్నావు. వద్దు. ఒక్క ఇసుక రేణువు కార్బురేటరులోకి పోయినా పని అయిపోతుంది. సముద్రానికి దూరంగా, గట్టి నేల మీద బరువైన బల్ల చూసుకో. ఇంజనును బోల్టులతో బిగించు. ట్యాంకు మధ్యభాగం నీడిల్ వాల్వు, అదే ఇంధనాన్ని హెచ్చుతగ్గులు చేసే సూదిమర, దాని ఎత్తులో ఉండాలి. ఎగరేసే సంగతి వేరు. విశాఖలో నౌకాదళపు విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ ఉంది, ముందు అనుమతులు కనుక్కో.

ఇంధనంలో నైట్రోమీథేన్ 5 నుంచి 10 శాతం చాలు. నూనె మాత్రం 18 శాతానికి తగ్గనివ్వకు. అందులో కొంతైనా ఆముదం ఉంటేనే నాకు ధైర్యం. మిగతా నూనెలు చేతులెత్తేసే వేడిలోనూ అది లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అలాగని పూర్ణా మార్కెట్టులో తలకు రాసుకునే ఆముదం కొని కలిపేవు! మిగిలినదంతా మిథనాలు. అది విషం, చేతికి తొడుగులు వేసుకో. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. తేమనూ పీల్చుకుంటుంది, విశాఖ గాలిలో తేమకు కొదవా? పోసుకోగానే డబ్బా మూత బిగించు.

నీ 46 సైజు (0.46 ఘనపు అంగుళాల) ఇంజనుకు మామూలుగా 11 అంగుళాల ప్రొపెల్లరు వేస్తారు. ఇప్పుడు మాత్రం 10 అంగుళాలది, 6 పిచ్‌ది (రెక్కల వాలు కొలత) వెయ్యి, భారం తగ్గుతుంది. మీ చెల్లెలి హెయిర్ డ్రయ్యరు అడిగి తెచ్చుకుని ముందు సిలిండరును బాగా వెచ్చచెయ్యి. వేలితో కాదు, కర్రతో తిప్పి స్టార్ట్ చెయ్యి. వెంటనే ప్రొపెల్లరు వెనక్కి వచ్చెయ్యి, దాని పక్కన గాని ముందు గాని నిలబడకు.

ఇక అంతా చెవి పని. థ్రాటిల్ పూర్తిగా తెరిచి నీడిలును కొద్దికొద్దిగా మూస్తూ పో. గుడగుడ పోయి సన్నని రొద అందుకుంటుంది. రొద తెగకుండా, గుడగుడలోకి జారకుండా, ఆ రెండింటి సరిహద్దుకు కాస్త పైన నిలుపు. ఇంధనపు గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి వదిలితే వేగం పెరిగి మళ్లీ తగ్గాలి. పెరగకుండా పడిపోయిందా, ఇంధనం చాలడం లేదు, వెంటనే నీడిలు తెరువు. రెండు నిమిషాలు తిప్పి ఆపు. చెయ్యి పెడితే వెచ్చదనం కూడా తెలియనంతగా చల్లారనివ్వు. మళ్లీ వెచ్చచేసి మళ్లీ తిప్పు. ఇలా ఎన్నోసార్లు చెయ్యాలి. నీకు విసుగు పుడుతుంది. పక్కన పుస్తకం పెట్టుకో.

సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనులో మిగిలిన ఇంధనం కాలిపోయేదాకా తిప్పు. తర్వాత ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల నూనె వేసి, చేత్తో తిప్పి, గుడ్డలో చుట్టి దాచు. లేకపోతే ఆ ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి.

మొదటి రోజు శబ్దం ఫోనులో రికార్డు చేసి పంపు. విని, నీడిలు ఎటు తిప్పాలో చెబుతాను.

మీ మామయ్య