కర్టెన్ రాడ్డు కోసం కిటికీ పైన గోడకు బెజ్జం వేస్తుంటే సెంటీమీటరు దగ్గరే డ్రిల్లు ఆగిపోతోంది, ఏం చేయాలి?

మీ డ్రిల్లు పాడవలేదు, గోడకూ ఏమీ కాలేదు. కర్టెన్ రాడ్డు కోసం కిటికీ పైన వేస్తున్నానన్నారు కదా, అక్కడ ఉండేది లింటెల్. మిగతా గోడంతా ఇటుకతో కట్టినా, కిటికీ మీద మాత్రం ఇనుము కట్టి కాంక్రీటు పోస్తారు. బ్రాకెట్లు సరిగ్గా దాని మీదే వస్తాయి. మొదటి సెంటీమీటరు సులువుగా దిగిందంటే అది ప్లాస్టరింగ్. లోపలి గోడలకు సుమారు 12 మి.మీ. ఉంటుంది. అది దాటగానే కాంక్రీటు తగిలింది.

మూడేళ్ల కిందట మియాపూర్‌లో ఫ్లాట్‌కి మారినప్పుడు నాకూ ఇదే జరిగింది. ఇంట్లో ఉన్న ఇంపాక్ట్ డ్రిల్లుతో అరగంట కుస్తీ పట్టాను. నిచ్చెన మీద నిలబడి, ఒంట్లో బలమంతా పెట్టి నొక్కాను. బిట్టు కొస నల్లబడి కాలిన వాసన వచ్చింది కానీ, బెజ్జం అర అంగుళం దాటలేదు. ఎలక్ట్రీషియన్ పని చేసే మా బాబాయికి ఫోన్ చేస్తే సాయంత్రం తన హామర్ మిషన్ పట్టుకుని వచ్చాడు. ముందు నా బిట్టు తీసుకుని కొసను గోటితో తడిమి చూశాడు. అంచు గుండ్రంగా అరిగిపోయింది. "ఒరేయ్, కాంక్రీటు తిప్పితే తెగదురా, కొడితే పగులుతుంది. నువ్వలా నొక్కిపట్టి కూర్చుంటే ఏం లాభం? దెబ్బ పడనీ" అన్నాడు.

ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి గెంతుతూ చిన్న చిన్న దెబ్బలు వేస్తాయి. ఇటుకకు అవి చాలు. బాబాయి తెచ్చిన హామర్ మిషన్, అంటే రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని ఒత్తితే, ఆ ఒత్తిడికి లోపలి ఇనుప దిమ్మ వచ్చి బిట్టు వెనక సుత్తిలా కొడుతుంది. దాని బిట్టు కూడా వేరు, షాపులో ఎస్‌డీఎస్ ప్లస్ అని అడగండి. మిషన్ కొనక్కర్లేదు, చాలా చోట్ల రోజు అద్దెకు దొరుకుతుంది. బాబాయి మిషన్‌తో ఒక్కో బెజ్జానికి అర నిమిషం కూడా పట్టలేదు.

రెండు బెజ్జాలే కదా, ఉన్న ఇంపాక్ట్ డ్రిల్లుతోనే కానిద్దాం అనుకుంటే 6 మి.మీ. లావు బెజ్జం వరకు అవుతుంది. కొత్త కాంక్రీటు బిట్టు పెట్టి, డ్రిల్లు మీది స్విచ్చును సుత్తి బొమ్మ ఉన్న వైపు తిప్పి, పది సెకన్లు వేసి బయటికి లాగండి. పొడి రాలనివ్వండి, బిట్టు చల్లారనివ్వండి. త్వరగా చల్లారాలని నీళ్లలో మాత్రం ముంచొద్దు, కొసకు అతికిన కార్బైడ్ ముక్క బీటలు వారుతుంది.

ఆ రోజు నేర్చుకున్న ఇంకో విషయం, పొడిని చూడటం. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా, పిండిలా జలజలా రాలితే తేలిక రకం ఏఏసీ బ్లాకు. లేత బూడిద రంగులో, మెత్తగా, కొంచెం కొంచెంగా వస్తే కాంక్రీటు. అందులో మెరిసే ఇనుప రజను కనిపిస్తే వెంటనే ఆపేయాలి, కాంక్రీటు లోపలి ఇనుప రాడ్డు తగిలినట్టే.

ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. లింటెల్‌లో రాడ్డు మీద సాధారణంగా 20 నుంచి 25 మి.మీ. కాంక్రీటు ఉంటుంది. ప్లాస్టరింగ్ కూడా కలిపితే మూడు, మూడున్నర సెంటీమీటర్ల దగ్గర రాడ్డు తగలొచ్చు. అక్కడ ఠక్కున ఆగిపోతే నొక్కొద్దు, రాడ్డును కోసే ప్రయత్నం అసలే వద్దు. నాకు అలా తగిలినప్పుడు అంగుళం పక్కకు జరిపి వేశాను, మళ్లీ తగిలింది. ఇంకా పక్కకు జరిపితే మళ్లీ అదే. అప్పుడు బాబాయి చెప్పాడు, లింటెల్‌లో రాడ్లు అడ్డంగా పొడవునా పోతాయి, పైకో కిందకో జరగాలి అని. ఆ రాడ్లను చుట్టి కట్టే, నిలువుగా ఉండే రింగు తగిలితేనే పక్కకు జరిగితే తప్పుతుంది. రెండు వైపులా ముందు ఒక్కో బెజ్జం వేసి చూసి, ఆ తర్వాతే బ్రాకెట్ల ఎత్తు ఖాయం చేసుకోండి, లేదంటే కర్టెన్ రాడ్డు వంకరగా వస్తుంది. వృథా అయిన బెజ్జాల్లో వాల్ పుట్టీ నింపేస్తే సరిపోతుంది.

లోతుకు ప్లగ్గు (స్క్రూ పట్టుకోవడానికి బెజ్జంలో దించే ప్లాస్టిక్ ముక్క) పొడవు కొలిచి, ఇంకో 10 మి.మీ. కలిపి బిట్టు మీద టేపు చుట్టండి. ప్లగ్గు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతే పిల్లలు కర్టెన్ లాగిన రోజు మొత్తం ఊడి వస్తుంది. ప్లగ్గు పెట్టే ముందు లోపలి పొడిని తీసేయండి, లేకపోతే పూర్తిగా దిగదు. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన ఎక్కడా వేయొద్దు, కరెంటు వైర్ల పైపు సాధారణంగా అటే వెళ్తుంది. గోడలన్నీ కాంక్రీటుతో పోసిన ఫ్లాటైతే పైపులు ముందే లోపల పెట్టి పోస్తారు కాబట్టి బిల్డర్ దగ్గర వైరింగ్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. తలెత్తి వేస్తున్నప్పుడు పొడి నేరుగా కళ్లలోనే పడుతుంది.

హామర్ మిషన్‌తో కూడా ఆగిపోతే, ఎంత లోతులో ఆగిందో, పొడి ఏ రంగులో వచ్చిందో ఇక్కడే రాయండి. చూసి చెప్తాను.