కంచె కోసం డిపాజిట్ మధ్యలో తీసేయాలా?

ప్రశ్న: ఇంటి వెనక 120 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తున చెక్క కంచె వేయించాలనుకుంటున్నాం. రెండు అంచనాలు వచ్చాయి. కుళ్లకుండా ఆపే మందు పట్టించని మామూలు మెత్తచెక్కతో వేస్తే ఖర్చు 100 అనుకోండి, మొత్తం టేకుతో అయితే 260. మొదటిది 5 ఏళ్లు, రెండోది 20 ఏళ్లు నిలుస్తుందని వడ్రంగి అంటున్నాడు. మా చేతిలో ఉన్నది 150. మిగతాదానికి డిపాజిట్ మధ్యలో తీసేద్దామని మావారు, లోను తీసుకుందామని మా అబ్బాయి. ఏం చేయమంటారు?

జవాబు: వడ్రంగి మాటే ఖాయమనుకుంటే మెత్తచెక్క కంచె ఏడాదికి 20, టేకు కంచె ఏడాదికి 13 పడుతుంది. టేకే చవక. మీవారూ అబ్బాయీ ఇద్దరూ ఇక్కడిదాకా సరిగ్గానే లెక్క వేసి ఉంటారు.

లోను కలిపి చూడండి. తక్కువ పడ్డ 110ని 12 శాతం వడ్డీకి తెచ్చి 5 ఏళ్ల వాయిదాల్లో తీరిస్తే వడ్డీయే 37 దాకా అవుతుంది. అంటే టేకు కంచె ఏడాదికి 13 కాదు, 15. డిపాజిట్ తీసినా అంతే సంగతి, కాకపోతే నష్టం కంటికి కనిపించదు. 7 శాతం చక్రవడ్డీ మీద ఆ 110 కదలకుండా ఉంటే దాదాపు 10 ఏళ్లలో రెట్టింపవుతుంది. పైగా ఆపదకు దాచుకున్న డబ్బు కంచెకు పెట్టేస్తే, రేపు ఆస్పత్రి పని పడినప్పుడు పలకలు ఊడదీసి అమ్ముకోలేం కదా.

అలాగని 100 కంచె వేయమనడం లేదు. ఇద్దరూ కంచెను ఒకే వస్తువుగా చూస్తున్నారు, అసలు తిరకాసు అక్కడుంది. విడదీసి చూడండి. గేటు సంగతి పక్కన పెట్టి, 8 అడుగులకొకటి చొప్పున వేస్తే మీకు కావలసినవి 16 గుంజలు. వాటి మధ్య మూడేసి అడ్డకర్రలు, మొత్తం 45. 6 అంగుళాల పలకలు 240. ఆ 240 పలకలకూ ఆసరా 16 గుంజలే. ముందు పోయేవీ అవే.

చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు తినడం మొదలుపెడుతుంది. పైనున్న పలక వానకు తడిసినా ఎండకు ఆరిపోతుంది. గుంజ నేలలోకి దిగే చోట ఎప్పుడూ చెమ్మే, పైగా గాలి కూడా ఆడుతుంది. కుళ్లుకు అంతకంటే అనువైన చోటు లేదు. డబ్బు లెక్కలు చెప్పే మనిషినై ఉండి నేనూ ఒకప్పుడు గుంజల దగ్గరే కక్కుర్తి పడ్డాను. నాలుగో ఏడు ఒకవైపు కంచె పక్కకు ఒరిగింది. పలకలు చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. గుంజ మొదట్లో మట్టి తీసి స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే అరటిబోదెలో దిగినట్టు దిగిపోయింది.

అందుకని మీరు ఎక్కువ పెట్టాల్సింది ఆ 16 గుంజల మీద. ఒత్తిడితో మందు పట్టించిన గుంజలు తీసుకోండి, నేలలో పాతేందుకు పనికొచ్చే రకమేనా అని అడిగి మరీ. బ్రష్షుతో పైపైన పూసింది దీనికి సాటి రాదు, మందు లోపలికి దిగదు. కోయాల్సి వస్తే పైకొస నుంచే కోయించండి, కోసిన చోట మళ్లీ మందు రాయించండి. ఇలాంటి మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. అది మామూలు ఇనుప మేకులను తినేస్తుంది కాబట్టి మందంగా జింకు పూత ఉన్న స్క్రూలో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. ముక్కలు మిగిలితే పొయ్యిలో పెట్టకండి, ఆ పొగ విషం.

గుంజలు టేకువే కావాలంటే చేవ, అంటే దుంగ నడిమి ముదురు చెక్క, చూసి తీసుకోండి. టేకు పేరు చెప్పి దాని చుట్టూ ఉండే తెల్లచెక్క అంటగడితే అది మామూలు చెక్కలాగే కుళ్లుతుంది, డబ్బు మాత్రం టేకుకు ఇచ్చినట్టు. లేత చెట్ల నుంచి వచ్చిన దుంగల్లో ఈ తెల్లచెక్క పాలు ఎక్కువ.

పలకలు మెత్తచెక్కవే వేయించండి. అడుగు అంచు నేలకు 2 అంగుళాలు ఎత్తున ఉండాలి. పెయింటు వద్దు, పొరలు పొరలుగా లేచిపోతుంది. లోపలికి ఇంకే నూనె పూత చాలు. పలకల కొసలకు మాత్రం రెండుసార్లు పట్టించండి, నీళ్లు ఎక్కువగా పీల్చేది అక్కడే.

ఇప్పుడు లెక్క. మీ 100లో గుంజల వంతు 15 అనుకుందాం. మంచివాటికి అది 32 అవుతుంది. స్క్రూలకు 4, మొదటి పూతకు 6 కలిపితే మొత్తం 127. మూడేళ్లకోసారి పూత 6 చొప్పున నాలుగుసార్లకు 24. నడుమ పాడైన పలకలు మార్చడానికి ఇంకో 15. కంచె 15 ఏళ్లు నిలిస్తే అయ్యేది 166, అంటే ఏడాదికి 11 చిల్లర. ఇవి నేను అనుకున్న అంకెలు, మీ అంచనాలోవి పెట్టి మళ్లీ వేసుకోండి. గుంజల ధర ఇంకొంచెం పెరిగినా ఈ దారి టేకు కంటే ఖరీదు కావడం కష్టం.

చేతిలో 23 మిగులుతుంది. అందులో 12 తరుగుకూ విరిగినవాటికీ ఉంచుకోండి, మిగతాది విడిగా ఒక ఖాతాలో వేసి నెలనెలా కొద్దిగా జమ చేయండి. మూడో ఏడు పూత డబ్బు అందులోంచే తీయొచ్చు. వడ్రంగి దగ్గర మూడో అంచనా రాయించుకునేటప్పుడు గుంజలు, అడ్డకర్రలు, పలకలు, స్క్రూలు, కూలి అన్నీ వేర్వేరు వరుసల్లో రాయమనండి. మొత్తం ఒకే అంకెగా వేసిస్తే బయానా ఇవ్వకండి.