చదువు డల్లాస్‌లో, ఇంటర్న్‌షిప్ కాలిఫోర్నియాలో.. ట్యాక్స్ ఎవరికి?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. పోయిన వేసవిలో సీపీటీ (చదువుతూనే కోర్సుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి) మీద కాలిఫోర్నియా వెళ్లి మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాడు. జీతంలోంచి అక్కడి స్టేట్ ట్యాక్స్ పట్టుకున్నారు. ‘టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్సే లేదు, నువ్వేమీ ఫైల్ చేయక్కర్లేదు’ అంటున్నారట రూమ్మేట్లు. ట్యాక్స్ కట్టాడు కాబట్టి కాలిఫోర్నియా యూనివర్సిటీకి మారితే ఫీజు తగ్గుతుందని ఇంకొకరన్నారు. ఏది నమ్మాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: రూమ్మేట్లు చెప్పింది సగమే నిజమండీ. జీతం మీద టెక్సాస్ ట్యాక్స్ వేయదు, ఫ్లోరిడా, నెవాడా కూడా వేయవు. కానీ వేరే రాష్ట్రంలో సంపాదించిన జీతం దగ్గరికొచ్చేసరికి మీవాడు ఎక్కడివాడన్నది కాదు, ఎక్కడ కూర్చుని పని చేశాడన్నదే చూస్తారు. ఆ మూడు నెలల జీతం మీద హక్కు కాలిఫోర్నియాదే. హైదరాబాద్‌లో మన జీతం స్లిప్పులో నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ తప్ప రాష్ట్రానికంటూ పోయేది ఏమీ కనిపించదు కాబట్టి ఇది వింతగానే ఉంటుంది, అక్కడ మాత్రం ఫెడరల్‌కు ఒక రిటర్న్, రాష్ట్రానికి ఇంకోటి.

అసలు ఫైల్ చేయకపోతే నష్టం మీవాడికే. ఏడాదంతా అదే జీతం వస్తుందన్న లెక్కతో ప్రతి పేచెక్‌లో కోస్తారు, వచ్చిందేమో మూడు నెలలే, అందుకే చాలామందికి కొంత వెనక్కి వస్తుంది, అది కూడా అడిగితేనే. నాన్ రెసిడెంట్‌గా ఫారం 540ఎన్ఆర్ వేయాలి. రేటు కట్టడానికి క్యాంపస్ జాబ్‌తో సహా ఏడాది ఆదాయమంతా చూస్తారు గానీ ట్యాక్స్ పడేది కాలిఫోర్నియా వాటా మీదే. కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, ట్యాక్స్ పత్రం డబ్ల్యూ-2లో 15 నుంచి 17 వరకు ఉన్న గళ్లు చూసుకోమనండి, ఏ రాష్ట్రానికి ఎంత పోయిందో అక్కడే ఉంటుంది. ఫైలింగ్‌కు మామూలు గడువు ఏప్రిల్ 15.

ఇదే చదువు ఇల్లినాయి లాంటి ట్యాక్స్ ఉన్న రాష్ట్రంలో అయితే తలనొప్పి ఎక్కువ. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఫెడరల్ లెక్కలో సాధారణంగా నాన్ రెసిడెంటే, అయినా చదివే రాష్ట్రం తన సొంత రూల్స్ ప్రకారం రెసిడెంట్ అనొచ్చు. అలా అంటే బయట సంపాదించింది కూడా అక్కడ చూపించాలి, ఇంకో రాష్ట్రానికి కట్టినదానికి క్రెడిట్ (ట్యాక్స్‌లో మినహాయింపు) అడగాలి. అందుకే పనిచేసిన రాష్ట్రం రిటర్న్ లెక్క ముందు తేల్చుకుంటే పని సులువు.

ఫీజు సంగతి మర్చిపోండి. ట్యాక్స్ రెసిడెన్సీ వేరు, ఫీజు రెసిడెన్సీ వేరు. రాష్ట్రవాసులకిచ్చే ఫీజు తగ్గింపు ఎఫ్-1 వాళ్లకు మామూలుగా రాదు.

ప్రశ్న: మా అమ్మాయి సీపీటీ మీదే, కానీ టెక్సాస్‌లో తన గదిలోంచే కాలిఫోర్నియా కంపెనీకి పనిచేస్తోంది. మాకూ ఇదే వర్తిస్తుందా?
– ఒక తండ్రి, ఎల్బీ నగర్

జవాబు: లేదండీ. పని పూర్తిగా టెక్సాస్‌లోనే జరిగితే ఆ జీతం మీద కాలిఫోర్నియాకు పని లేదు. పొరపాటున కోస్తుంటే పేరోల్ వాళ్లకు ఇప్పుడే చెప్పమనండి. ఆఫీసు న్యూయార్క్‌లో ఉంటే మాత్రం కథ వేరు: ఉద్యోగి తన సౌకర్యం కోసం బయటి రాష్ట్రంలో కూర్చున్నా న్యూయార్క్‌లోనే పనిచేసినట్టు లెక్కేస్తారు.